ఆదవాని దుర్గము చెప్పు రాజనీతి

సామ్రాజ్యములు కూలిన కారణములను విచారించిన గ్రంథములు కోకొల్లలుగా నున్నవి. అవి కూలక నిలిచినంత కాలము వానిని నిలిపినదేమి యను విచారణ మాత్రము మనలో మిక్కిలి యరుదు. తళ్లికోట యుద్ధమన్నచో బడిపిల్లవాడైనను 1565 అని చెప్పును. అంతకు ముందు 1336 మొదలు రెండువందల సంవత్సరములకు పైగా, భాష వేఱు, పంట వేఱు, ఆచారము వేఱు అయిన ప్రజలు తుంగభద్రకు దక్షిణమున ఒకే ఛత్రచ్ఛాయ నుండుటకు హేతువేమని యడిగినచో పెద్దలును తడబడుదురు. కూలిన నాటిని జ్ఞాపకముంచుకొని, నిలిచిన నాళ్లను మఱచుట మన చరిత్రజ్ఞానమునకు గల లోపము.

ఈ ప్రశ్న ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతముల వారికి మఱింత దగ్గఱిది. ఆదవాని దుర్గము రాజధానికి దూరముగా నున్న యే మూలకోటయో కాదు. ఉత్తరమున తుంగభద్ర, దాని కావల రాయచూరు అంతర్వేది. ఇరువదవ యేట నొకసారి కాకున్న పదవ యేట నొకసారి సేనలు నడచిన బాట యిది. అయిదు కొండలపై వ్యాపించిన యీ కోటలో బారాకిల్లా, తాలిబండ యను శిఖరములు చుట్టునున్న మైదానమునకు సుమారు 800 అడుగులెత్తున నిలిచియున్నవి. సామ్రాజ్యము బిగువుగా నున్నప్పుడు ఈ కోట దాని తలుపు గడియ. సడలినప్పుడు మొదట ఊడినదియు ఈ గడియయే. కావున సడలు ముడులతో గట్టిన రాజ్యమెట్లు నిలుచును, ఎచ్చట తెగును అను రెండు ప్రశ్నలకును ఆదవాని చరిత్ర సాక్ష్యము చెప్పగలదు.

జర్మనుల సామ్రాజ్యము

ముందుగా ఐరోపాఖండమున నిట్టిదే యొక నిదర్శనమును జూతము. 962వ సంవత్సరమున ఓటో యను జర్మను రాజు రోమునగరమున చక్రవర్తిగా కిరీటము ధరించెను. అతడు నెలకొల్పిన పరిశుద్ధ రోమక సామ్రాజ్యము 1806లో రెండవ ఫ్రాన్సిసు కిరీటమును విసర్జించు వఱకు, అనగా 844 సంవత్సరములు, పేరునకైనను నిలిచెను. ఇందు మున్నూటికి మించిన సంస్థానములు, మతాచార్యుల యేలుబడులు, స్వతంత్ర నగరములు ఉండెను. చక్రవర్తికి సామ్రాజ్యమంతటికి చెల్లు పన్ను లేదు, శాశ్వతమైన సైన్యము లేదు, చిరకాలము స్థిరమైన రాజధానియు లేదు. ఇట్టిది తరతరములు నిలుచుట ఆశ్చర్యమే.

దీనిని నిలిపినవి మూడు కట్టుబాట్లు. మొదటిది, చక్రవర్తి నెన్నుకొను విధి. నాలుగవ చార్లెసు 1356లో ప్రకటించిన సువర్ణశాసనము ఏడుగురు నిర్వాచకులను నిర్ణయించెను. మాయిన్సు, కొలోను, ట్రియరు మతాచార్యులు మువ్వురు. బొహీమియా రాజు, రైను పాలటినేటు ప్రభువు, సాక్సనీ డ్యూకు, బ్రాండెన్‌బర్గు ప్రభువు నలువురు. వీరిలో నధికసంఖ్యాకుల సమ్మతియే చాలునని ఆ శాసనము తేల్చెను. రెండవది, న్యాయస్థానము. 1495లో వర్మ్సు నగరమున గూడిన సభ ప్రభువుల పరస్పర యుద్ధములను నిషేధించి, వారి తగవులను దీర్చుటకు సామ్రాజ్య న్యాయస్థానమును స్థాపించెను. మూడవది, సభ. చక్రవర్తి సొంతముగా ఆజ్ఞాపింపజాలని దానిని ప్రభువులు, నగరములు గూడిన సభ ఆజ్ఞాపింపగలిగెను. ఎవ్వరెంత సైన్యమును బంపవలయునో 1521లో ఆ సభయే పట్టిక వ్రాసినది. దానిని బట్టి లెక్కకు వచ్చినది సుమారు 4,000 గుఱ్ఱములు, 20,000 కాల్బలము. విజయనగర నాయకులలో పెద్దవాడొక్కడే ఇంతకంటె నెక్కువ కాల్బలమును బోషించుచుండెను!

అనగా ఆ సామ్రాజ్యమునకు భుజబలము తక్కువ, కట్టుబాటు ఎక్కువ. విజయనగరమున నిందుకు వ్యతిరేకముగా భుజబలమెక్కువ, కట్టుబాటు తక్కువ. ఈ భేదమును మనస్సున నిడుకొని మన దేశమునకు వత్తము.

నాయంకరపు ముడి

1535 ప్రాంతమున విజయనగరమున మూడేండ్లుండిన నూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు వ్రాసిన వృత్తాంతమును రాబర్టు స్యూయలు 1900లో ఇంగ్లీషున బ్రకటించెను. నూనిజ్ లెక్కను బట్టి రాజ్యమంతయు రెండువందలకు మించిన నాయకుల క్రింద పంచబడి యుండెను. భూమియంతయు రాజుది, నాయకుడు దానిని రాజునుండి పట్టుకొన్నవాడు. నాయకుల భూముల రాబడి 120 లక్షల వరహాలనియు, అందు 60 లక్షలు రాజునకు జెల్లింపవలయుననియు, మిగిలినది 6 లక్షల కాల్బలమును, 24 వేల గుఱ్ఱములను బోషించుటకుననియు అతడు చెప్పెను. సాళ్వనాయకుడను వాని రాబడి 11 లక్షలు. అందు మూడవ వంతు రాజునకు. 30,000 కాల్బలము, 3,000 గుఱ్ఱములు, 30 ఏనుగులు అతడు సిద్ధముగా నుంచవలయును. పరదేశి వర్తకుడు విన్న లెక్కలు గావున వీనిని అణాపైసలతో నమ్మనక్కఱలేదు గాని పద్ధతి యెట్టిదో స్పష్టముగా నున్నది. ఇదియే మన శాసనములలో గానవచ్చు అమరనాయంకరము.

ఈ పద్ధతిని గుఱించి పండితులలో భేదాభిప్రాయములు గలవు. ఇది యుద్ధమునకై సిద్ధపఱచిన రాజ్యమనియు, రాజు చేయి యంతటను బలముగా నుండెననియు నీలకంఠశాస్త్రి మొదలగువారు తలచిరి. 1980లో అమెరికా పండితుడు బర్టన్ స్టైను, విజయనగరపు రాజు అధికారము రాజధాని చుట్టుపట్ల నిజమైనదిగాను, దూరదేశములలో పూజార్హమైనదిగా మాత్రమే యుండెననియు వాదించెను. మా దృష్టిలో ఈ రెండును ఒకే తాటి రెండు కొసలు. రాజు బలవంతుడైనప్పుడు మొదటి మాటయు, దుర్బలుడైనప్పుడు రెండవ మాటయు నిజమయ్యెను. ఇట్లు రాజు యొక్క దేహబలము ననుసరించి రాజ్యపు రూపము మాఱుచుండుటయే దాని బలమును, దాని రోగమును గూడ.

రాజు చేత నుండిన పగ్గములు

అయినను పగ్గములు లేకపోలేదు. నాయంకరము మిరాసీ కాదు. సేన తక్కువైనచో, కప్పము నిలిచినచో రాజు దానిని లాగుకొనవచ్చును. ప్రతి నాయకుని తరపున రాజధానిలో స్థానాపతి యొకడు, సేన పక్షమున మఱియొక ప్రతినిధి యుండవలయును. నాయకుడు తన సీమలో నేమి చేయుచున్నాడో యెవరు విన్నను వినకున్నను, అతనివాడొకడు ఎల్లప్పుడు రాజు కన్నుల యెదుట నుండెడివాడు. మహానవమి తొమ్మిది దినములు నాయకులెల్లరు సపరివారముగ వచ్చి, సేనలను జూపి, కప్పములను జెల్లించి పోయెడివారు. ఆ మహోత్సవమును వేడుకయని మాత్రమే తలచువారు పొరబడుదురు. ఒకరి బలము నొకరు చూచుకొనుటకును, అందఱును సింహాసనము ముందు చేతులు జోడించుట యందఱును గాంచుటకును ఏర్పడిన వార్షిక సభ యది. ఆలోచన చెప్పు సభ మాత్రము కాదు.

ఇక గుఱ్ఱముల సంగతి. నాటి యుద్ధము గుఱ్ఱము మీద నాధారపడినది; మేలుజాతి గుఱ్ఱము మన దేశమున బుట్టదు. హోర్మూజు నుండి వచ్చినవియు దేశవాళివియు గలిసి యేటేట 13,000 గుఱ్ఱములను రాజు కొని, మేలైన వానిని తన లాయములకు నుంచుకొని, తక్కినవి నాయకులకు ఇచ్చి లాభము పొందుచుండెనని నూనిజ్ చెప్పుచున్నాడు. అనగా నాయకునికి దండు గావలెనన్నచో రాజు వాకిట నిలువవలయును. అవయవములకు గావలసిన దేదియో యొకటి కేంద్రము చేతిలో నున్నంత కాలము ముడి సడలినను ఊడదు. కేంద్రమునకు ఇచ్చునది లేక అడుగునది మాత్రమే మిగిలిననాడు ఎంత బిగించినను నిలువదు.

నాలుగవ పగ్గము దుర్గములు. ముఖ్యమైన కోటలను నాయకుల పాలు చేయక రాజు తన నమ్మకస్థుల చేతులలో నుంచుట విజయనగర నీతి. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగమున దుర్గములను విప్రుల కప్పగింపుమని చెప్పుట యందఱెఱిగినదే. తనకు సొంత సీమయు, వంశపు దండును లేని యధికారి రాజుపై దిరుగబడడని యా మాట యభిప్రాయము.

తాకని వస్తువులు

పగ్గములు పట్టుట యొక నేర్పు. పట్టరాని చోట పట్టకుండుట మఱియొక నేర్పు. విజయనగర రాజులు పల్లెల కట్టుబాట్లలో చేయి పెట్టలేదు. రెడ్డి, కరణము, తలారి, నీరుగంటి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలగు పన్నెండుమంది ఆయగాండ్రు తమ మాన్యములతో, కళ్లములో దమకు రావలసిన మేరలతో గ్రామమును నడుపుకొనిరి. కన్నడము, తెలుగు, తమిళము, సంస్కృతము నాలుగును శాసనభాషలుగా నుండెను. ఒక భాష వానిపై మఱియొక భాషను రుద్దలేదు. మతమునందును ఈ యోరిమియే కానవచ్చును. రెండవ దేవరాయలు తురకల విలుకాండ్రను, రౌతులను కొలువున జేర్చుకొనెను. శాసనముల తుద రాజు తన పేరు వ్రాయక శ్రీవిరూపాక్ష యని దేవుని పేరు వ్రాసెడివాడు. రాజ్యము ఈ వంశముది యా వంశముది కాదు, పంపాపతిది యని దాని భావము.

ఈ చేవ్రాలు తేలికగా దలపదగినది కాదు. 1485లో సాళువ నరసింహరాయలు సంగమ వంశమును త్రోసి సింహాసనమెక్కెను. 1505లో తుళువ వీరనరసింహరాయలు సాళువులను త్రోసెను. 1542లో అచ్యుతదేవరాయలు గతింపగా మరల కలహము పుట్టి, అళియ రామరాయలు సదాశివరాయలను గద్దె నెక్కించి తానే యేలెను. ఇన్ని మార్పులలోను రాజధాని మాఱలేదు, బిరుదములు మాఱలేదు, మహానవమి మాఱలేదు, చేవ్రాలు మాఱలేదు. వంశము కంటె సామ్రాజ్యపు రూపమే గట్టిదనుటకు వేఱు సాక్ష్యమేల?

ఆదవాని సాక్ష్యము

ఇప్పుడు ఆదవాని కొండ యేమి చెప్పునో విందము. బహమనీ సుల్తాను ముజాహిదు షా (1375–1378) మొదటి బుక్కరాయల కాలమున ఈ కోటను తొమ్మిది నెలలు ముట్టడించెనని ఫెరిస్తా వ్రాసెను. నీరు చాలక కోటలోనివారు లొంగిపోవు సమయమున వాన కురిసెను; వెలుపలి దండులో తిండి చాలక, రోగము పుట్టి, సుల్తాను ముట్టడి విడిచిపోవలసి వచ్చెను. దైవము వాన నిచ్చెను, నిజమే. కాని వాన కురియు దాక తొమ్మిది నెలలు నిలిచినది మనుష్యులు. వెనుక రాజు గలడను ధైర్యమే యట్టి యోర్పు నిచ్చును.

నూటయిరువది యేండ్లకు పైగా గడచిన పిమ్మట, వీరనరసింహరాయలు (1505–1509) క్రొత్తగా గద్దె నెక్కిన యదనున విజాపురపు యూసుఫ్ ఆదిల్ ఖాను తుంగభద్ర దాటి కందనవోలుపై వచ్చెను. అప్పుడు ఆదవాని యధిపతియే శత్రుపక్షమున జేరెను. వంశము మాఱిన వేళ, క్రొత్త రాజు నిలుచునో నిలువడో తెలియని వేళ, సరిహద్దు ప్రభువు గెలుచువాని వైపు మొగ్గుట వింత కాదు. రాజు ఆరవీటి రామరాజును, అతని కుమారుడు తిమ్మరాజును బంపెను. వారు యూసుఫును, ఆదవాని యధిపతిని ఓడించి సరిహద్దును నిలిపిరి.

ఇది రాజు విజయమే. కాని దీని వెల యెంత? ఒక నాయకుని యడచుటకు రాజు మఱియొక నాయకుని బెంచెను. ఆ రామరాజు మనుమడే అళియ రామరాయలు. సరిహద్దున సంపాదించిన యశస్సుతో, సేనతో, బంధుబలముతో ఎదిగిన ఆరవీటివారు రెండు తరములలో సింహాసనమునకు సంరక్షకులైరి. మూడవ నాటికి సింహాసనాధీశ్వరులైరి. జర్మనులకు వర్మ్సు న్యాయస్థానమెట్టిదో విజయనగరమునకు అట్టిది లేదు. నాయకుడు తప్పు చేసినచో దీర్పు చెప్పునది వేఱొక నాయకుని కత్తియే. కత్తికి గూలి చెల్లింపక తప్పదు.

1565 జనవరిలో రామరాయలు రణరంగమున నిహతుడయ్యెను. తమ్ముడు తిరుమలరాయలు పెనుగొండ జేరెను. ఆదవాని మాత్రము వెంటనే పడలేదు. 1568లో విజాపురపు అలీ ఆదిల్ షా సేనాని అంకుశఖాను దండెత్తి రాగా, రామరాయల కొలువులోని ప్రధానాధికారులలో నొకడు ఈ కోటను గాచుచుండెనని ఫెరిస్తా చెప్పుచున్నాడు. అతడు పలుమాఱు కోట వెలువడి పోరాడి, ఓడి, లోపల జేరి, చిరకాలము ముట్టడికి నిలిచి తుదకు లొంగెను. రెండు ముట్టడులను బోల్చి చూడుడు. కొండ అదియే, గోడలవియే, శౌర్యమునకు లోపము లేదు. ముజాహిదు నాడు కోట వెనుక రాజ్యముండెను. అంకుశఖాను నాడు పెనుగొండలోని రాజు తన నెలవును గాపాడుకొనుటకే సతమతమగుచుండెను. దుర్గమును గాచునది రాయి కాదు, దాని వెనుకనున్న సంబంధము.

తెగినదెచ్చట?

తళ్లికోటతో సామ్రాజ్యము సమాప్తమైనదనుట సరి కాదు. పెనుగొండ, చంద్రగిరి, వేలూరులనుండి ఆరవీటివారు ఇంకను ఎనుబదియేండ్లు ఏలిరి. వేంకటపతిరాయలు (1586–1614) కాలమున రాజ్యము మరల గొంత తేఱుకొనెను. అసలు తెగుట 1614లో. ఆ రాజు గతింపగానే వారసత్వపు తగవు పుట్టి, జగ్గరాయలు రాజకుటుంబమును వధించెను; వెలుగోటి యాచమనాయకుడు ఒక్క బాలుని, రామదేవుని, దప్పించి యతని పక్షమున నిలిచెను. 1616 ప్రాంతమున తోపూరు వద్ద జరిగిన యుద్ధమున మధుర, జింజి నాయకు లొక వైపు, తంజావూరు నాయకుడు, యాచముడు మఱియొక వైపు. అంతకు ముందే 1610లో మైసూరు రాజ ఒడెయరు శ్రీరంగపట్టణమును లాగుకొనియుండెను. 1642లో గద్దె నెక్కిన మూడవ శ్రీరంగరాయల కాలమునకు రాజునకు బిరుదములు తప్ప మిగిలినది కొంచెమే. మధుర నాయకులు 1736 వఱకు, ఇక్కేరి నాయకులు 1763 వఱకు వేర్వేఱుగా బ్రతికిరి. వృక్షము పడినను కొమ్మలు వేళ్లూని నిలిచిన చందము.

ఇచ్చట కాలమును గమనింపుడు. శ్రీరంగరాయలు వేలూరును గోల్పోవు కాలమునకే జర్మనీలో ముప్పదియేండ్ల యుద్ధము ముగిసి 1648లో వెస్టుఫేలియా సంధి కుదిరినది. ఆ యుద్ధమున వారి దేశము శ్మశానప్రాయమైనను సామ్రాజ్యము చావలేదు. ఇంకను 158 ఏండ్లు బ్రతికినది. కారణమేమి? చక్రవర్తి చనిపోయినచో తరువాతివాడెట్లు రావలయునో అందఱికి దెలిసిన విధి యొకటి వారికుండెను. ఇద్దఱు ప్రభువులకు దగవు వచ్చినచో పోవుటకు చోటొకటి యుండెను. ఆ న్యాయస్థానమున వ్యాజ్యములు దశాబ్దముల తరబడి నడచినను, నడచినంత కాలము కత్తులు ఒఱలోనుండెను. విజయనగరమున వారసత్వమునకు నిర్ణీతమైన విధి లేదు, నాయకులు గూడి రాజు నెన్నుకొను సభయు లేదు. మహానవమికి వచ్చిన రెండువందల నాయకులకు కానుక లర్పించు హక్కు గలదు గాని, ఆలోచన చెప్పు హక్కు లేదు. అందువలన ప్రతి రాజు మరణము నొక యుద్ధమునకు నాంది యయ్యెను.

భారము మోసినదెవరు?

మఱియొక సంగతి చెప్పక విడిచినచో ఈ విచారణ సమగ్రము కాదు. నాయకులు కౌలుదార్ల వంటివారనియు, వారి నిర్బంధముచే సామాన్య ప్రజలు మిక్కిలి కష్టపడుచుండిరనియు నూనిజ్ స్పష్టముగా వ్రాసెను. రాజునకు సగము, దండునకు సగము పోవలెనన్నచో ఆ ధనము పుట్టవలసినది రైతు కళ్లములోనే కదా! నేడు గలిగి రేపు పోవు సీమను నాయకుడు తన యింటి పొలమువలె జూచుకొనునా? ఉన్న నాలుగేండ్లలోనే పిండుకొన జూచును. 1429లో తమిళ మండలమున వలంగై, ఇడంగై వర్గములవారు తమలోని భేదముల నటుంచి, అక్రమపు పన్నుల నీయమని యేకమై శిలలపై జెక్కించిరి. జర్మనీలో 1525 రైతుతిరుగుబాటు రక్తపాతముతో ముగిసిన పిమ్మట, కాలక్రమమున అక్కడి రైతు తన దొరపై సామ్రాజ్య న్యాయస్థానమున వ్యాజ్యము వేయగలిగెను. మన రైతునకు గల యుపాయము ఊరు విడిచి వలసపోవుటయే. పైవారి ఐకమత్యమునకు క్రిందివారు వెల యిచ్చునట్టి రాజ్యమెంత ఘనమైనను, ఆపద వచ్చిననాడు దాని పక్షమున ప్రాణములొడ్డువారు తక్కువగా నుందురు.

ఆదవానికి వచ్చిన కాలము ఇదే చెప్పుచున్నది. విజాపురము పక్షమున సిద్ది మసూదుఖాను 1662 మొదలు పరిపాలించి, నేటికిని పట్టణమున కలంకారమైన జుమ్మా మసీదును గట్టించెను. 1688లో ఔరంగజేబు సేనాని ఫిరోజుజంగు కోటను బట్టుకొనెను. పిమ్మట నిజాము సోదరుడు బసాలతుజంగు (మరణము 1782) ఇచ్చట కొలువు దీర్చెను. 1786లో టిప్పుసుల్తాను కోటను గెలిచి పడగొట్టించెను. 1800లో నిజాము ఈ సీమలను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసెను. అప్పుడు వచ్చిన కలెక్టరు థామసు మన్రో దత్తమండలముల నిండ సుమారు 80 మంది పాలెగాండ్రను గనుగొనెను. వీరిలో కొందఱు పూర్వపు నాయంకరపు వంశములవారు, కొందఱు పై యధికారము లేని యదనున దలయెత్తినవారు. మహానవమికి పిలుచు రాజు లేనప్పుడు నాయకుడు పాలెగాడగును.

నేటి పాఠము

గతమును దలచుట వర్తమానమున కుపకరింపవలయును. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు ఆదవాని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లానుండి విడివడి కర్నూలు జిల్లాలో జేరెను. బళ్లారి మైసూరునకు బోయెను. రాజ్యములు విడిపోయెను గాని తుంగభద్ర విడిపోలేదు. ఆనకట్ట హోసపేట వద్ద. ఆ నీరు దిగువ కాలువ గుండ బళ్లారి సీమను దాటి వచ్చినగాని ఆదవాని, ఎమ్మిగనూరు పొలములు తడియవు. ఆ యేడే యేర్పడిన తుంగభద్ర బోర్డు ఆ నీటి పంపకమును నిర్వహించుచున్నది. 1969లో నియమింపబడిన కృష్ణా జలవివాద న్యాయస్థానము 1973, 1976 సంవత్సరములలో వాటాలను దేల్చెను. కాలువ చివరివారికి నీరు చాలదను మొఱ నేటికిని గలదు; ఆ మొఱలో న్యాయమును గలదు. కాని ఆ మొఱ చెప్పుకొనుటకు బోర్డు గలదు, న్యాయస్థానము గలదు, శాసనసభ గలదు. 2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట 19వ తలుపు కొట్టుకొనిపోయినప్పుడు, ఆ నీటిపై నాధారపడిన రాష్ట్రములన్నియు దిగులు పడెను. పారు నీటిలోనే వారము దినములలో తాత్కాలికపు టడ్డు నిలుపబడెను. పూర్వకాలమైనచో రాయచూరు అంతర్వేదికై రెండు దండులు కదలియుండెడివి.

ఎమ్మిగనూరులో నింతకంటె చిన్నదియు, అంతే బోధకమునైన నిదర్శనము గలదు. మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘమున నేతగాని మగ్గము వానిది, ఇల్లు వానిది, పనితనము వానిది. కాని నూలు తెచ్చుట, వస్త్రములమ్ముట సంఘముది. విడివిడిగా నున్నచో షావుకారు వాకిట నిలువవలసిన నేతగాండ్రు, సొంత మగ్గమును విడువకయే యొక్కటైరి. రాజు గుఱ్ఱములను నాయకుల కిచ్చినట్లు సంఘము నూలు నిచ్చినది. అయితే రాజు చేయనిది ఒకటి చేసినది. లెక్కలను సభ్యుల ముందు బెట్టి, పాలకవర్గము నెన్నుకొను హక్కును సభ్యులకే యిచ్చినది.

కావున సడలు ముడి బలహీనమైన ముడి యని తలపరాదు. పల్లెకు జెందినది పల్లెకు విడువవలయును. కేంద్రము అడుగుట మాత్రమే కాక ఇచ్చునదిగా నుండవలయును. ఏలువాడు మాఱునప్పుడు ఎట్లు మాఱవలయునో, తగవు వచ్చినప్పుడు ఎచ్చటికి పోవలయునో ముందుగానే విధి యేర్పడి యుండవలయును. మొదటి రెండును విజయనగరము మనకు నేర్పినది; మూడవదాని లోపమువలన నేమగునో గూడ తానే చూపినది. నేడు మనకు ఆ మూడవది రాజ్యాంగరూపమున గలదు. దానిని వాడుకలో నుంచుకొనుట, అనగా పంచాయతీ యెన్నికలను సకాలమున జరుపుట, నీటి తగవును వీథిలోగాక బోర్డు ముందు బెట్టుట, న్యాయస్థానపు తీర్పు మనకు ప్రతికూలమైనను శిరసావహించుట మన చేతిలోని పని. ఆ పనిలో నేమఱినచో ఎంత యెత్తైన గోడలున్నను ప్రయోజనము లేదని ఆదవాని కొండపై టిప్పుసుల్తాను కూల్చిన రాళ్లు ఇప్పటికిని చెప్పుచున్నవి.